ఆశీర్వాదం మామ స్పేర్‌కి స్పేర్

ఆశీర్వాదం ఇంట్లో ఏ వస్తువూ ఒంటరిగా ఉండదు. ప్రతిదానికీ ఒక తోడుంటుంది, ఆ తోడుకు మళ్ళీ ఇంకో తోడుంటుంది. గ్యాస్ లైటర్లు మూడు, టార్చి లైట్లు మూడు, గోళ్ళ కత్తెరలు మూడు, ఒక్కో తాళంకప్పకు తాళంచెవులు మూడు. చూసినవాళ్ళు నవ్వితే ఆయన ఏమీ అనుకోడు. కుడిచెయ్యి ముందుకు చాపి, ఒక్కో వేలూ మడుస్తూ ఓపిగ్గా చెబుతాడు.

"ఒకటి వాడకం. ఒకటి స్పేర్. ఇంకొకటి స్పేర్‌కి స్పేర్."

ఇది ఉద్యోగం అంటించిన జబ్బు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో నీళ్ళ పంపులు తయారుచేసే ఒక కంపెనీలో ఆయన ముప్పై రెండేళ్ళు స్టోర్ కీపర్‌గా చేశాడు. తను కుర్చీలో ఉన్నన్నాళ్ళూ బేరింగ్ లేదనో బోల్టు లేదనో మిషన్ ఆగిన రోజు ఒక్కటీ లేదని ఇప్పటికీ ఛాతీ విరుచుకుని చెబుతాడు. రిటైరైన రోజు కంపెనీవాళ్ళు శాలువా కప్పి, ఒక గోడ గడియారం ఇచ్చి పంపించారు. ఆయన అటునుంచి అటే బజారుకెళ్ళి అలాంటివే ఇంకో రెండు కొనుక్కుని మరీ ఇంటికొచ్చాడు. ఆ రోజుతో స్టోరు ఇంటికి బదిలీ అయింది. ఆయన భార్య సారమ్మ వంటింట్లో జీలకర్ర డబ్బా మీద కూడా ఒక చీటీ ఉంటుంది: "స్పేర్ - కింది అర."

అల్లుడు అనిల్ కుమార్‌కు మామగారి సంగతి పెళ్ళిరోజే తెలిసింది. చర్చిలో, అందరి ముందూ, పెళ్ళికూతురు మరియా వేలికి ఉంగరం తొడగబోయాడు. అది జారి, దొర్లుకుంటూ వెళ్ళి వేదిక కింద ఎక్కడో దూరింది. పాస్టర్ గారితో సహా అందరూ మోకాళ్ళ మీద కూర్చున్నారు, ప్రార్థనకు కాదు, వెతకడానికి. ఆశీర్వాదం మాత్రం నిలబడిన చోటినుంచి కదల్లేదు. కోటు ఎడమ జేబులోంచి అచ్చం అలాంటి ఉంగరమే తీసి అల్లుడి చేతిలో పెట్టాడు. అనిల్ నోరు తెరిచి చూస్తుంటే, చెవి దగ్గరికొచ్చి, "ఫికర్ చెయ్యకు, కుడి జేబుల ఇంకోటున్నది" అన్నాడు.

మొదటి వరసలోంచి సారమ్మ, "పెండ్లికొడుక్కు గూడ స్పేర్ తెచ్చిండేమో అడుగున్రి" అంది. చర్చంతా నవ్వింది.

అన్నిటికంటే వింత గొడుగులది. వానాకాలం వచ్చిందంటే ఆశీర్వాదం రెండు గొడుగులు లేకుండా గడప దాటడు. మూడోది ఇంట్లో మేకుకు వేలాడుతుంటుంది. గొడుగులు మారిపోకుండా పిడి మీద తెల్ల పెయింటుతో నంబర్లు వేస్తాడు: ఆ-1, ఆ-2, ఆ-3. ఇంత ఏర్పాటుతో బయల్దేరిన మనిషి సాయంత్రానికి తల నుంచి పాదం దాకా తడిసి ముద్దై ఇంటికొస్తాడు. గొడుగులేవీ అంటే, ఫ్యాన్ వైపు చూస్తూ, "ఎక్కడనో పోయినయ్" అంటాడు.

"రెండు గొడుగులు తీస్కపోయి తడుసుకుంట వచ్చే మనిషిని యాడనన్న సూసినవా బిడ్డా?" అని సారమ్మ అల్లుడి దగ్గర మొత్తుకునేది. "టార్చి లైటు పోయింది, టిఫిన్ డబ్బా పోయింది, మొన్న ఇస్త్రీపెట్టె పోయింది. ఇస్త్రీపెట్టె ఎట్ల పోతది? జేబుల కెల్లి జారి పడ్డదా? దేవుడు దయగలోడు గాబట్టి గీ మనిషికి మాత్రం స్పేర్ చెయ్యలె. ఒక్కనితోనే ఏగలేకపోతున్న."

అనిల్‌కు విషయం అర్థమైపోయింది. మామకు మతిమరుపు. వస్తువులు పోగొట్టుకుంటాడు, కాబట్టి మూడేసి కొంటాడు. పోచారంలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే బుర్ర కదా, కారణం కనిపెట్టానని లోలోపల మురిసిపోయాడు.

ఆ సాఫ్ట్‌వేర్ బుర్రే ఒక ఘనకార్యం చేసింది. అనిల్‌కూ మరియాకూ కూతురు పుట్టింది, పేరు జెన్నిఫర్. జెన్ని ఆవులిస్తే ఫోటో, తుమ్మితే వీడియో. నెల తిరక్కుండానే అతని ఫోను నిండిపోయింది. ఎప్పుడో ఉప్పల్‌లో ఆశీర్వాదం హార్డ్ డిస్కులు కొన్నాడు, ఎన్ని కొన్నాడో చెప్పక్కర్లేదు. అనిల్ ఆయనకు డిస్కులోకి ఫోటోలు ఎక్కించడం నేర్పించాడు. అప్పటినుంచీ ప్రతి ఆదివారం తను వారమంతా తీసినవి మామ డిస్కులో పోసి, ఫోను ఖాళీ చేసుకుని వెళ్ళేవాడు.

"నువ్వు గూడ ఒక స్పేర్ తీసి పెట్టుకో అల్లుడా" అనేవాడు ఆశీర్వాదం.

"మీరుండంగ నాకెందుకు మామా?" అనేవాడు అనిల్.

జెన్ని మొదటి పుట్టినరోజు ఆదివారం వచ్చింది. చర్చి హాలు మాట్లాడారు. పాప ఏడాది ఫోటోలన్నీ తెర మీద వేసి చూపించాలని మరియా పట్టుదల. వాళ్ళ కంపెనీలో సెలవు దొరక్క, పాప పుట్టిన నాలుగో నెల నుంచే ఆమె ఉద్యోగానికి వెళ్ళాల్సి వచ్చింది. బోర్లా పడటం, పాకడం, లేచి నిలబడటం అన్నీ తను ఆఫీసులో, అనిల్ ఇంటినుంచి పనిచేసే రోజుల్లోనే అయ్యాయి. ఆ వీడియోల్లోనే ఆమె బిడ్డ పెరగడం చూసుకుంది. వాటిని తెచ్చే పని అనిల్‌ది. శుక్రవారం సాయంత్రం ఉప్పల్‌లోని తమ ఫ్లాటు నుంచి లాప్‌టాప్ పట్టుకుని నాచారంలో మామ ఇంటికెళ్ళాడు. వాడకం డిస్కు తీసి తగిలించాడు.

టిక్. టిక్. టిక్.

కాసేపు ఊరుకుని మళ్ళీ, టిక్. తెర మీద ఏమీ రాలేదు. తీసి మళ్ళీ పెట్టాడు. ఈసారి 'ఈ డిస్కును ఫార్మాట్ చెయ్యమంటారా' అని కంప్యూటర్ మర్యాదగా అడిగింది. అనిల్ టక్కున 'వద్దు' నొక్కాడు.

ఆశీర్వాదం వంగి డిస్కుకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని విన్నాడు. "బేరింగ్ పోయింది" అని తేల్చేశాడు.

"మామా, దీంట్ల బేరింగ్ ఏంది?"

"తిరిగేదానికి బేరింగ్ లేకుంటెట్ల? జరాగు." లోపలికెళ్ళి మిషన్లకు వేసే చుక్కనూనె డబ్బా పట్టుకొచ్చాడు. అనిల్ డిస్కును రెండు చేతులా గుండెకు హత్తుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

"మస్తు వేడెక్కినట్టుంది, జర గాలి తగలనియ్యున్రి" అని సారమ్మ ఫ్యాను పెంచింది.

అప్పుడు అనిల్‌కు ప్రాణం లేచొచ్చింది. తను ఉన్నది ఎవరి ఇంట్లో? గోళ్ళ కత్తెరకు కూడా స్పేర్ ఉన్న ఇంట్లో! నిదానంగా కుర్చీలో కూర్చుని, "పోతేపోనీ. స్పేర్ డిస్క్ తియ్యున్రి మామా" అన్నాడు.

ఆశీర్వాదం ఫ్యాన్ వైపు చూశాడు. "స్పేర్... ఉన్నది."

"యాడుంది?"

"ఉండేకాడ ఉన్నది."

"మరి స్పేర్‌కి స్పేర్?"

"అది గూడ... ఉండేకాడనే ఉన్నది."

సారమ్మ ఇక ఆగలేక అలమారా తలుపు తీసింది. పై అరలో రెండు అట్టపెట్టెలు. ఒకదాని మీద "డిస్కు - స్పేర్", రెండోదాని మీద "డిస్కు - స్పేర్‌కి స్పేర్" అని ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీలు. రెండూ ఖాళీ.

"ఇంకేంది, ఇవి గూడ గొడుగులతోనే పోయినయ్" అంది సారమ్మ.

సరిగ్గా అప్పుడే మరియా ఫోను చేసింది. "ఫోటోలు తీస్కున్నవా?"

"తీస్కుంటున్న."

"ఎంతసేపు? నేను చూడని వీడియోలేమన్న ఉంటే అవి గూడ వెయ్యి. డాడీ తాన అన్నీ ఉంటయ్ గదా."

"అన్నీ ఉంటయ్" అని గొణిగి ఫోను పెట్టేశాక, అనిల్‌కు దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి. "మూడు గోళ్ళ కత్తెరలున్నయ్, మూడు గడియారాలున్నయ్. నా బిడ్డ ఫోటోలకు మాత్రం ఒకటే డిస్కా మామా?" అనేశాడు. అనగానే నాలుక కరుచుకున్నాడు. స్పేర్ తీసి పెట్టుకోమని ప్రతి ఆదివారం చెప్పింది ఈ మనిషే కదా. ఆశీర్వాదం తల వంచుకుని, నూనె డబ్బాకు మూత పెట్టి, "నడువ్, దామోదర్ తానికి పోదాం" అన్నాడు.

దామోదర్‌కు ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర, మెట్రో పిల్లర్ ఎదురుగా కంప్యూటర్ రిపేర్ షాపుంది. డిస్కు తగిలించి, మూడు టిక్కులు వినగానే టక్కున వైరు పీకేశాడు.

"అన్నా, ఇంక దీన్ని ఎక్కియ్యకు. లోపల గుండ్రటి రేకులుంటయ్, వాటిమీద సూది తిరుగుతది. ఆ సూది ఖరాబైంది. ఎక్కిచ్చినప్పుడల్ల రేకును గీకుతది, ఉన్నది గూడ పోతది."

"నేను బేరింగ్ అన్న. దగ్గర్లనే ఉన్న" అన్నాడు ఆశీర్వాదం.

"ల్యాబుకు పంపితె తియ్యొచ్చు. మూడు వారాలు పడతది. వస్తయని మాట మాత్రం ఇయ్యను."

"ఆదివారం కేక్ కోసుడున్నది దామోదరన్నా" అన్నాడు అనిల్, ఏడుపు గొంతుతో.

దామోదర్ ఆశ్చర్యంగా ఆశీర్వాదం వైపు తిరిగాడు. "మామా, నా తాన మూడు కొన్నరు గదా? ప్రవీణకు ఒకటి ఇచ్చిన్రు, నా ముంగటనే. అది మంచిగనే ఉన్నది. మరి మూడోది?"

ఆశీర్వాదం మెట్రో పిల్లర్ మీది నంబరు చదవడంలో మునిగిపోయాడు.

"ప్రవీణ ఎవరు?" అన్నాడు అనిల్.

"నాచారంల పెంటయ్య బిడ్డ. ఇంట్ల కూసోని పెండ్లి ఆల్బమ్‌లు చేస్తది. మొన్న ఎండకాలం ఆమె డిస్కు గిట్లనే గీ టేబుల్ మీదనే పానం ఇడిసింది. ఫోటోలు కెమెరా కార్డులల్ల ఉన్నయ్ గాని, పెట్టుకొని పని చేసేతందుకు ఇంకో డిస్కు లేదు. స్టూడియోవాళ్ళేమో వారంల ఆల్బమ్ గావాలె, లేకుంటె ఇంక పనియ్యం అన్నరు. పిల్ల గిక్కడనే నిలబడి ఏడ్సింది. మామ అప్పుడు మౌసులు కొననీకొచ్చిండు. మూడు. అది చూసి, అట్లనే ఇంటికి పోయి తన డిస్కు తెచ్చి పిల్ల చేతుల పెట్టిండు. స్పేర్ ఎవలకో ఒకలకు పనికొచ్చేతందుకే గదా అన్నడు."

అనిల్ మామ వైపు చూశాడు. "మీరు పోగొట్టుకోలేదా?"

"పోగొట్టుకుంటందుకు నాకేమన్న మతిమరుపా?" అన్నాడు ఆశీర్వాదం చిరాగ్గా. "ముప్పై రెండేండ్ల నౌకరీల ఒక్క వాషర్ పోనియ్యలె. డిస్కుల ధర ఎక్కువ గాబట్టి మళ్ళ కొనుడు ఆగింది, గంతే."

"మరి అత్తమ్మతోని పోయినయ్ అంటరెందుకు?"

ఆశీర్వాదం గొంతు తగ్గించాడు. "ఇచ్చిన అంటే, ఇంక కొననియ్యదు. పోయింది అంటే, తిట్టుకుంటనన్న కొననిస్తది."

అనిల్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తను కనిపెట్టిన కారణం అంతా తలకిందులైంది. తడిసి ముద్దై ఇంటికొచ్చి, భార్య చేత తిట్లు తిని, మర్నాడు కొత్త గొడుగుకు నంబరు వేసుకునే ఈ మనిషిని ఇన్నాళ్ళూ మతిమరుపు మనిషి అనుకున్నందుకు సిగ్గేసింది. వెంటనే ఇంకో ఆలోచన తట్టింది.

"మామా, డిస్కు ఇచ్చేటప్పుడు దాంట్ల మన జెన్ని ఫోటోలు ఉండెనా?"

"ఉండకెందుకు? ప్రతి వారం మూడిట్ల ఎక్కించేటోణ్ణి."

"ఇచ్చేటప్పుడు తీసేసిన్రా?"

"ఎట్ల తీసేస్త? నువ్వు ఎక్కిచ్చుడే నేర్పినవ్, తీసుడు నేర్పలె గదా."

జీవితంలో సగం పాఠమే చెప్పినందుకు అనిల్ ఇంతగా సంతోషించిన సందర్భం ఇంకోటి లేదు.

మూడో డిస్కు చర్చిలో ఉందని తేలింది. దగ్గర కాబట్టి శనివారం పొద్దున్నే ముందు అక్కడికే వెళ్ళారు. చర్చిలో మైకులు చూసే టిమోతి పాస్టర్ గారి ప్రసంగాలు రికార్డు చేసి, మంచం దిగలేని ముసలివాళ్ళ ఇళ్ళకు తీసుకెళ్ళి వినిపిస్తుంటాడు. ఆ పనికి డిస్కు లేదంటే ఆశీర్వాదం ఇచ్చాడు.

"పాత ఫోటోలేమన్న ఉన్నయా తమ్మీ?" అన్నాడు అనిల్.

"ఏం లెవ్వన్నా!" అన్నాడు టిమోతి గర్వంగా. "ఇచ్చిన్నాడే మంచిగ ఫార్మాట్ చేసిన. అద్దం లెక్క పెట్టుకున్న."

జెన్ని బోసినవ్వులుండాల్సిన చోట నలభై రెండు ప్రసంగాలున్నాయి. మొదటిదాని పేరు "ఓర్పు". అనిల్ ఆ పేరు వైపు కాసేపు చూసి బయటికి నడిచాడు.

వాన మొదలైంది. ఆశీర్వాదం ఒక గొడుగు అల్లుడికిచ్చి, రెండోది తను విప్పుకున్నాడు. పెంటయ్య ఇల్లు పాత నాచారం సందుల్లో ఉంది. సందు మొదట్లో ఒకామె మక్కజొన్న కంకులు కాలుస్తోంది. నిప్పుల మీద చినుకు పడకుండా బండికి గొడుగు కట్టుకుంది. అనిల్ యథాలాపంగా పిడి వైపు చూశాడు. తెల్ల పెయింటు. ఆ-17.

"మామా..."

"వాన జోరుగున్నది, జల్ది నడువ్" అన్నాడు ఆశీర్వాదం ముందుకు పోతూ.

పెంటయ్య గుమ్మం పక్కన మేకుకు ఇంకో గొడుగు వేలాడుతోంది. ఆ-22. అనిల్ ఆ నంబరు చూసి నవ్వుకున్నాడు. పెంటయ్య వాళ్ళది ఆ ఊరి పాత రైతు కుటుంబం. ఒకప్పుడు జొన్న పండించిన చేలల్లో ఇప్పుడు ఫ్యాక్టరీలున్నాయి, ఆయన అందులో ఒకదానికి వాచ్‌మన్. "రా రా అన్నా!" అని ఎదురొచ్చి ఇద్దరినీ లోపల కూర్చోబెట్టాడు. ప్రవీణ పాతికేళ్ళ పిల్ల, కంప్యూటర్ ముందు ఎవరిదో పెళ్ళి తలంబ్రాల ఫోటో సరిచేస్తోంది.

అనిల్ విషయం చెప్పాడు. టిమోతిలాగే ఈ అమ్మాయి కూడా డిస్కును అద్దంలా పెట్టుకుందంటే, రేపు మరియా ముఖం ఎలా చూడాలి? ఆమె కళ్ళారా చూడని తొలి అడుగు ఇంకెక్కడా లేదు.

ప్రవీణ రెండుసార్లు క్లిక్ చేసింది. తెర మీద ఒక ఫోల్డర్ వచ్చింది. దాని పేరు: "ఆశీర్వాదం పెదనాన్నవి - ముట్టొద్దు."

తెరిచింది. జెన్ని ఆవులింత. జెన్ని తుమ్ము. జెన్ని బోర్లా పడి, తల ఎత్తలేక దిండును కొరకడం. గోడ పట్టుకుని లేచి నిలబడి, ఒక్క అడుగు వేసి, తనే ఆశ్చర్యపోయి కూలబడటం. పది నెలల జెన్ని ఒక్క రోజు కూడా తప్పిపోకుండా అక్కడ ఉంది. మిగతా రెండు నెలలూ అనిల్ కొత్త ఫోనులో ఉన్నాయి, అది పెద్దది కాబట్టి ఇంకా ఖాళీ చెయ్యలేదు. అనిల్ కళ్ళు తుడుచుకున్నాడు. అది వాన నీళ్ళని చెప్పడానికి వీల్లేదు, తల మీద గొడుగు ఉండింది కదా.

"జాగ చాలక నా దోస్తు పెండ్లి ఫోటోలు గూడ తీసేసిన అన్నా" అంది ప్రవీణ. "ఇవి మాత్రం ముట్టలె. పెదనాన్నకు తీసెయ్యరాదని తెల్సు. ఎన్నడో ఒకనాడు అడుగుతడనుకున్న."

"నీ పుణ్యం ఉంటది చెల్లే. ఇది ఖరాబైతే ఇంక..."

"ఖరాబైతే ఏమైతది?" అంటూ ప్రవీణ బీరువా తీసింది. లోపల ఇంకో రెండు డిస్కులు. వాటి మీద చీటీలు, ఒకటి "స్పేర్", ఒకటి "స్పేర్‌కి స్పేర్". "డిస్కు ఇచ్చినప్పుడు పెదనాన్న షరతు పెట్టిండు. పని దొరికినంక దీంట్ల ఏది పెట్టినా రెండు స్పేర్లు తియ్యాలె అన్నడు. మీ పాప గూడ మూడు తాన్లున్నది."

ఆశీర్వాదం చీటీలను దగ్గరగా చూసి, "అంచులు సక్కగ కత్తిరియ్యలె" అన్నాడు. కానీ ఆయన మీసం కింద నవ్వు దాగలేదు.

ఆదివారం చర్చి హాల్లో తెర మీద జెన్ని ఏడాది జీవితం నడిచింది. తను ఆఫీసులో ఉన్న ఒక మధ్యాహ్నం బిడ్డ తొలి అడుగు వేసిన వీడియో వచ్చినప్పుడు మరియా లేచి నిలబడి, "మళ్ళొక్కసారి వెయ్యి" అంది. మూడుసార్లు వేశారు. జెన్ని మాత్రం మొదటి పాటకే నిద్రపోయింది. కేకు దగ్గర ఆశీర్వాదం మూడు చాకులతో సిద్ధంగా నిలబడ్డాడు.

మర్నాడు అనిల్ ఉప్పల్ వెళ్ళి కొత్త డిస్కులు కొన్నాడు. దామోదర్ ఎన్ని అని అడగలేదు, మూడు తీసి బల్ల మీద పెట్టాడు.

ఇది జరిగిన నెల రోజులకు ఒక సాయంత్రం పెద్ద వాన పడింది. అనిల్ ఆఫీసు నుంచి వస్తూ, అత్తగారింట్లో ఉన్న భార్యాబిడ్డల కోసం నాచారంలో దిగాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి, బూట్లలో నీళ్ళు చప్పుడు చేస్తున్నాయి. సారమ్మ తువ్వాలు తెచ్చిస్తూ ఆగిపోయింది.

"పొద్దుగాల మరియా నీ బ్యాగుల రెండు గొడుగులు పెట్టిన అన్నది గదా బిడ్డా. యాడున్నయ్?"

అనిల్ ఫ్యాన్ వైపు చూశాడు. "ఎక్కడనో పోయినయ్ అత్తమ్మా."

సారమ్మ అల్లుడి వైపు చూసింది, కుర్చీలో కూర్చుని కొత్త గొడుగు పిడికి పెయింటు వేస్తున్న మొగుడి వైపు చూసింది. "ఇరవై ఏండ్లసంది పోతనే ఉన్నయ్, ఒక్కటన్న దొరికిందా? నాకు తెల్వదనుకున్నరా?" అంది. అని నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వేసింది. "ఏమయ్యా, దేవుడు మనసు మార్చుకున్నడు. ఇన్నేండ్లకు నీకు గూడ స్పేర్ దొరికిండు."

ఆశీర్వాదం తల ఎత్తాడు. గోడకు ఆనుకుంటూ జెన్ని తడబడుతూ నడిచొస్తోంది. చేతికొక బిస్కెట్టు, అందులో ఒకటి కొరికింది. తడిసి నిలబడ్డ నాన్నను కిందినుంచి పైదాకా చూసి, ఆలోచించి, కొరకని బిస్కెట్టు అతని వైపు చాపింది.

ఆశీర్వాదం కుంచె పక్కన పెట్టి, తృప్తిగా మూడో వేలు మడిచాడు.

"స్పేర్‌కి స్పేర్ గూడ ఉన్నదిలే" అన్నాడు.